మూరెడు గుడ్డ

మా బడి యూనిఫారానికి తెల్ల చొక్కా పెట్టినవాళ్లెవరో గాని, వాళ్లు జన్మలో బొగ్గుబాయిని, అదే బొగ్గుగనిని, చూసి ఉండరు. గోదావరిఖనిలో తెలుపనేది ఇస్త్రీపెట్టె కింద ఉన్నంతసేపే ఉండే రంగు. మా క్వార్టర్ల వరసలో తెల్లారగానే ప్రతి ఇంటి ముందూ ఒక బొగ్గుల పొయ్యి పొగలు కక్కుతూ కూర్చునేది. పొగంతా పోయి నిప్పులు కణకణమన్నాక గాని దాన్ని ఇంట్లోకి తీసుకుపోరు. ఆ పొగలోంచే మేం బడికి నడిచేవాళ్లం. గేటు దగ్గర, బడి నడిపే సిస్టర్లు మమ్మల్ని వరసలో నిలబెట్టి గోళ్లు, చెవుల వెనక, కాలర్లు చూసేవాళ్లు. కాలరు చూసిన సిస్టర్ నిట్టూర్చేది. నిలబడ్డ మేమూ నిట్టూర్చేవాళ్లం. అట్లా రెండు పక్షాలూ నిట్టూర్చుకున్నాక ప్రార్థన మొదలయ్యేది.

విచిత్రమేమిటంటే, సిస్టర్ల బట్టలు మాత్రం మాసేవి కావు. మెడ నుంచి మడమల దాకా తెల్లటి అంగీ, మణికట్టు దాకా చేతులు, ఒక్క వెంట్రుకైనా కనిపించకుండా తల మీద ముసుగు. మేం తొక్కిన దుమ్మే వాళ్లూ తొక్కేవాళ్లు, మేం పీల్చిన పొగే వాళ్లూ పీల్చేవాళ్లు. అయినా సాయంత్రానికి వాళ్లు అట్లాగే తెల్లగా, మేం మాత్రం బాయిలోంచి ఎక్కివచ్చినట్టు. దీని మీద మా తరగతిలో చాలా చర్చ జరిగేది. వాళ్లు రోజుకు మూడుసార్లు బట్టలు మారుస్తారని కొందరు, దేవుడే ఉతుకుతాడని కొందరు. నాకు రెండో మాట మీద నమ్మకం లేదు గాని, కాదని చెప్పడానికి రుజువు కూడా లేదు.

సిస్టర్లను చూసి అందరికంటే ఎక్కువ బాధపడింది మా అవ్వ. అవ్వ అంటే మా నాయిన తల్లి. నాయిన "అవ్వా" అని పిలిచేవాడు, నేనూ "అవ్వా" అనే పిలిచేదాన్ని, మా వరసలో సగం మంది అట్లాగే పిలిచేవాళ్లు. నాయిన ఇంకా పాలు మరవని వయసులోనే ఆమె భర్త పోయాడు. గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో కూలికి పోయి కొడుకును సాకింది. బాయిలు తెరిచినప్పుడు ఆ కొడుకుకు కంపెనీలో పని దొరికితే వెంట వచ్చేసింది. బొట్టు తీసేసిన మనిషి. రంగు చీరెలు కట్టేది కాదు.

ఆమె మొదటిసారి సిస్టర్లను చూసింది మా వరస ముందే. ఇద్దరు సిస్టర్లు నల్ల గొడుగులు పట్టుకుని పోతున్నారు. వాళ్లు ఎప్పుడూ ఇద్దరిద్దరే పోతారు, ఒంటరిగా పోరు. అవ్వ వాకిట్లో నిలబడి వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చింది.

"పాపం, ఎవలి బిడ్డలో ఏమో," అంది అమ్మతో. "ఒక్కదాని మొఖాన బొట్టు లేదు, చేతికి గాజు లేదు. అందరి మొగళ్లూ గింత జల్ది పోవుడేంది?"

నేను అప్పటికి రెండో తరగతో మూడో తరగతో. నాకు తెలిసినంత వివరంగా చెప్పాను. "వాళ్లకు పెండ్లే కాలేదవ్వా. వాళ్లు దేవుని పని చేస్తరు."

"పెండ్లి కాకుంటే గంతమంది ఒక్కతాన ఎందుకుంటరు? అయినోళ్లు ఎల్లగొట్టినట్టున్నరు. నీకు తెల్వదు తియ్యి."

నాకు తెలియదని ఆమె తేల్చేశాక ఇక ఆ ఇంట్లో అప్పీలు లేదు. అప్పటినుంచి పెరట్లో చిక్కుడు కాసినా, బీరకాయ కాసినా, అందులో కొంత సిస్టర్ల వాటా అయ్యేది. నేను సంచీలో వేసుకుని తీసుకుపోయి ఇచ్చేదాన్ని. "మీ అవ్వగారిది చాలా పెద్ద మనసు" అని హెడ్‌సిస్టర్ మురిసిపోయేది. పెద్దమనసు వెనక ఉన్న జాలి సంగతి నేను చెప్పలేదు. చెప్తే చిక్కుడుకాయలు ఆగిపోతాయేమో అనిపించేది, ఎందుకో తెలియదు.

హెడ్‌సిస్టర్‌ది కేరళ. తెలుగు మా దగ్గరికి వచ్చాకే నేర్చుకుంది కాబట్టి పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేది. అవ్వను "అవ్వగారూ" అన్న ఏకైక మనిషి ఆమే. మనిషి పొడుగు, నడక వేగం, కోపం కూడా వేగమే. అయితే ఆమె కోపం ఎప్పుడూ మా మీద నిలిచేది కాదు. ఆడపిల్లలు బడి మానేసే విషయం మీద మాత్రం నిలిచి ఉండేది. "మేము ఈ ఊరికి వచ్చింది మీకోసమే" అని ప్రార్థనలో చెప్పేది. మేం వెనక నుంచి ఒకరినొకరు గిల్లుకుంటూ వినేవాళ్లం. మాకోసం ఎవరైనా అంత దూరం నుంచి రావడం మాకు నమ్మశక్యంగా ఉండేది కాదు. పక్కనున్న బసంత్‌నగర్ నుంచి చుట్టాలు రావడమే గగనం.

అట్లా ఆమె చెప్పేది గాని, ఏడో తరగతి దాటగానే పిల్లలు రాలిపోయేవాళ్లు. మా పక్క క్వార్టర్‌లో ఒక అక్క ఉండేది. నాకంటే రెండు తరగతులు పైన. లెక్కలు నోటితో చేసేది, పలక అక్కర్లేదు. ఏడులో బడి మొత్తానికి మొదటిగా వచ్చింది. ఆ వేసవిలోనే మానేసింది. ఆ తర్వాత రోజూ సాయంత్రం నల్లా దగ్గర బిందె పెట్టుకుని నాకోసం చూసేది. "ఇయ్యాల ఏం చెప్పిన్రు?" అని అడిగేది. నేను చెప్పిందల్లా వినేది, తప్పు చెప్తే సరిదిద్దేది. నేను ఆరులోనూ ఏడులోనూ మంచి మార్కులు తెచ్చుకున్నానంటే అందులో సగం ఆ నల్లా దగ్గరివే.

ఆమె ఎందుకు మానేసిందో వరసలో అందరికీ తెలుసు. అదే నల్లా దగ్గర ఒకరోజు మా అవ్వ ఆమె తల్లితో అంది, "పిల్ల ఎదిగింది. గా మోకాళ్ల స్కర్టు ఏసి ఎట్ల పంపుతున్నవే? రేపటి సంది మానిపియ్యి." ఆమె మానిపించేసింది. మా అవ్వ మాటకు మా వరసలో అంత విలువ. బడిలో సిస్టర్లకు మాత్రం ఆ సంగతి తెలియదు. పెళ్లి కుదిరిందేమో, ఇల్లు గడవడం లేదేమో అని సిస్టర్లు వాళ్లంతట వాళ్లే అనుకునేవాళ్లు. శుక్రవారం ప్రార్థనలో "చదువు మధ్యలో ఆపిన మా అక్కచెల్లెళ్ల కోసం" అని ఒక నిమిషం మౌనం ఉండేది. ఆ నిమిషంలో నేను కళ్లు మూసుకుని ఆ అక్కను తలుచుకునేదాన్ని, తలుచుకోగానే ఆమె చెప్పిన లెక్క ఏదో గుర్తొచ్చేది.

ఎనిమిదో తరగతి మీద నాకు ఒక ప్రత్యేకమైన ఆశ ఉండేది. బడిలో కొత్తగా ఒక సైన్సు గది తెరిచారు. అందులో అద్దాల బీరువా, బీరువాలో ఒక మైక్రోస్కోపు. ఎనిమిదికి వచ్చినవాళ్లే దాన్ని ముట్టుకోవచ్చు. ఏడో తరగతివాళ్లు కిటికీలోంచి చూసి తృప్తిపడాలి. ఆ కిటికీ ఊచల్లో ముఖం పెట్టి నేను నిలబడని రోజు లేదు. దాంట్లో ఉల్లిపొర పెడితే గదులు గదులుగా కనిపిస్తుందని పుస్తకంలో ఉంది. ఉల్లిపొర సంగతి నాకెందుకు, బొగ్గు పెడితే ఎట్లా కనిపిస్తుందో చూడాలని నా కోరిక. రోజూ నాయిన వంటిమీద ఇంటికి వచ్చేది, అమ్మ ఉతికితే పోనిది, మా అన్నంలో కూడా పడేది, లోపల ఎట్లా ఉంటుందో తెలియకపోతే ఎట్లా?

ఏడు పరీక్షలు అయిపోయిన వేసవిలో నేను పెద్దమనిషినయ్యాను. చుట్టాలు వచ్చారు, పాటలు పాడారు, నువ్వులూ బెల్లమూ తినిపించారు. అందరూ వెళ్లిపోయాక అవ్వ వాకిట్లో కూర్చుని, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఇగ బడి లేదు. మోకాళ్లు కనవడంగ బజార్ల తిరిగే వయసు గాదు."

నాకు అవ్వ మీద పట్టరాని కోపం వచ్చింది. అన్నం తినలేదు. ఏడవలేదు కూడా, ఏడిస్తే ఆమె గెలిచినట్టు అవుతుందని. నాయిన మొదటి షిఫ్టు డ్యూటీ దిగి వచ్చేదాకా గడప మీదే కూర్చున్నాను. స్నానం చేసినా ఆయన కళ్ల అంచుల్లో బొగ్గు కాటుక దిద్దినట్టు నిలిచి ఉండేది. ఆ కళ్లతోనే నా ముఖం చూసి, ఏమైందో అమ్మను అడిగి, నా పక్కనే గడప మీద కూర్చున్నాడు.

"నాకు గూడ నిన్ను సదివియ్యాలనే ఉన్నది బిడ్డా," అన్నాడు. "కాని నన్ను సాకింది ఆమె. ఆమె మాట దాటి నేనేం చెయ్య? అవ్వ ఒప్పుకుంటే నాకు ఏ అడ్డం లేదు."

బాయిలో పైకప్పు కింద రోజూ ప్రాణం అరచేతిలో పెట్టుకుని పనిచేసే మనిషి, ఇంట్లో ఒక ముసలామెను చూసి భయపడడం నాకు చాలా అన్యాయంగా తోచింది. ఆ రోజు ఆయన మీద కూడా కోపం తెచ్చుకున్నాను.

అమ్మ మాత్రం ఏమీ అనలేదు. అమ్మ ఏమీ అనడం లేదంటే లోపల ఏదో ఉడుకుతున్నట్టే లెక్క. మర్నాడు మామిడికాయ తొక్కు ఒక సీసాలో పెట్టి నా చేతికిచ్చింది.

"గిది సిస్టరమ్మలకు ఇచ్చిరా. అవ్వే పంపిందని చెప్పు. వాళ్లేమన్న అడుగుతే జవాబు చెప్పు. అడుగకుంటే జరసేపు నిలవడు. నేనేం చెప్పమన్లేదు."

జరసేపు నిలబడే అవసరం రాలేదు. హెడ్‌సిస్టర్ సీసా అందుకుంటూనే "ఎనిమిదో తరగతి పుస్తకాలు కొన్నావా?" అని అడిగింది. అవ్వ ముందు ఆపుకున్న ఏడుపంతా అక్కడ తన్నుకొచ్చింది. "అవ్వ వద్దంటుంది" అన్నది తప్ప నా నోటినుంచి ఇంకో ముక్క రాలేదు. ఆమె కారణం కూడా అడగలేదు. ఏటా ఇట్లా మానేసేవాళ్లను చూస్తున్న మనిషి, కారణాలన్నీ తనకు తెలుసనే అనుకుంది. "రేపు సాయంత్రం వస్తాము" అని మాత్రం అంది.

వచ్చారు. హెడ్‌సిస్టరూ, కొత్తగా వచ్చిన ఒక చిన్న సిస్టరూ, రెండు నల్ల గొడుగులూ. అవ్వ ఎంతో ఆదరంగా నులకమంచం మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టింది. చాయ్ పెట్టమని అమ్మకు చెప్పింది. తానేమో ఎదురుగా నేలమీద కూర్చుంది. నేను తలుపు వెనక.

"అవ్వగారూ," హెడ్‌సిస్టర్ మొదలుపెట్టింది, "ఈ పిల్లకు పెళ్లి ఇప్పుడే చేయవద్దు. ఇంకా చిన్నది."

"పెండ్లి ఎవలు జేస్తున్నరు?" అవ్వ ఆశ్చర్యపోయింది. "గీ పొట్టిదానికా? దీనికి అన్నం వండరాదు."

హెడ్‌సిస్టర్ చాయ్ ఒక గుక్క తాగి రెండో కారణం తీసింది. "పుస్తకాలు మేమే ఇస్తాము. మీకు ఇబ్బంది ఉంటే..."

"నా కొడుకు బాయిల పనిజేస్తడు. బిడ్డకు పుస్తకాలు కొనలేడా?"

ఈసారి ఆమె కొంచెం ముందుకు వంగింది. ఇదే అసలు కారణమని ఆమెకు గట్టి నమ్మకం ఉన్నట్టుంది. "మేము ఎవరినీ మా మతంలోకి మార్చము, అవ్వగారూ. మీ పిల్ల మీ పిల్లగానే ఉంటుంది."

"మీ దేవుడు మీ ఇంట్ల, మా దేవుడు మా ఇంట్ల. గా ఫికర్ నాకు లేదు."

హెడ్‌సిస్టర్ దగ్గర ఇక కారణాలు లేవు. చాయ్ కప్పు కింద పెట్టి, మొదటిసారిగా ఉత్త ప్రశ్న అడిగింది.

"మరి ఎందుకు వద్దంటున్నారు?"

"ఇన్నేండ్లకు అడిగినవ్," అంది అవ్వ. లేచి దండెం మీద ఆరేసిన నా నీలం స్కర్టు తీసుకొచ్చింది. నన్ను తలుపు వెనక నుంచి బయటికి లాగి, దాన్ని నా నడుముకు ఆనించి పట్టుకుంది. తర్వాత తన మోచేతిని నా మోకాలి దగ్గర ఆనించి కిందికి చూపించింది. మోకాలి నుంచి మడమ దాకా సరిగ్గా ఆమె మూర.

"గిది జూడు. మూరెడు ఉత్తగనే ఉన్నది. ఇగ నిన్ను నువ్వు జూసుకో. మెడ నుంచి మడిమెల దాక కప్పుకుంటిరి. ఎంటిక గూడ కనవడనియ్యరు. ఒంటిగ బజార్లకు రారు, ఇద్దరిద్దరే వస్తరు. మీ ఆడోళ్లకేమో గంత బట్ట, మా ఆడోళ్లకేమో గింతేనా?"

చిన్న సిస్టర్‌కు నవ్వొచ్చింది, దాన్ని దగ్గుగా మార్చింది. హెడ్‌సిస్టర్ తన చేతుల వంక, అంగీ అంచు వంక చూసుకుంది. రోజూ మా గోళ్లనూ కాలర్లనూ అంత పరీక్షగా చూసే మనిషి, తన బట్టనూ మా బట్టనూ పక్కపక్కన పెట్టి ఎన్నడూ చూడలేదని ఆమె ముఖంలో కనిపించింది.

"ఇది మేము ఇష్టపడి వేసుకున్న బట్ట, అవ్వగారూ," అంది మెల్లగా.

"ఇష్టమేంది బిడ్డా," అవ్వ గొంతు ఒక్కసారి మెత్తబడింది. "మొగడు పోయినంక ఇంక ఇష్టమేంది? నాకు తెల్వదా. నేను జూడనిదా."

నాకు భూమిలోకి దూరిపోవాలనిపించింది. హెడ్‌సిస్టర్‌కు అర్థం కాలేదు. చిన్న సిస్టర్ మన ప్రాంతం పిల్లే, ఆమెకు అర్థమైంది. చెవిలో చెప్పింది. హెడ్‌సిస్టర్ ముందు కళ్లు పెద్దవి చేసింది, తర్వాత నవ్వింది. ఆమె అట్లా నవ్వగలదని నాకు అప్పటిదాకా తెలియదు. నవ్వుతూ ముసుగు అంచుతో కళ్లు తుడుచుకుంది.

"నాకు పెళ్లే కాలేదు అవ్వగారూ. ఎవరూ చనిపోలేదు. ఈ బట్ట నేనే కావాలని అడిగాను. మా అమ్మ వద్దని ఏడ్చింది. మా నాన్న నేను బయలుదేరే రోజు ఇంట్లోంచి బయటికే రాలేదు."

అవ్వ నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఇన్నేళ్ల చిక్కుడుకాయలూ బీరకాయలూ ఆమె కళ్లముందు తిరిగి ఉంటాయి.

"ఎవలూ బలవంతం జెయ్యలే?"

"లేదు."

"నిన్ను అడిగినంకనే తొడిగిన్రా?"

"చాలాసార్లు అడిగారు. కొన్నేళ్లు అడుగుతూనే ఉన్నారు, నిజంగా కావాలా, బాగా ఆలోచించుకున్నావా అని."

అవ్వ స్కర్టును మడిచి ఒళ్లో పెట్టుకుంది. "నీ బట్ట నిన్ను అడిగి తొడిగిన్రు. మంచిగనే ఉన్నది. మరి గీ మూరెడు తక్కువ బట్ట కావాల్నా అని మా పిల్లను అడిగినవా?"

"అడగలేదు," అంది హెడ్‌సిస్టర్. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు. కాని ఊరుకునే మనిషి కూడా కాదు. "మీరు అడిగారా అవ్వగారూ, బడి మానేస్తావా అని?"

ఇద్దరూ ఒకేసారి నా వంక తిరిగారు. వంటగది గుమ్మంలో అమ్మ కూడా నిలబడి చూస్తోంది. నా పదమూడేళ్ల బతుకులో నా అభిప్రాయం కోసం ఇంతమంది ఎదురుచూడడం అదే మొదలు. చదువు గొప్పదనం గురించి వ్యాసరచనలో రాసినవన్నీ గుర్తు చేసుకుందామనుకున్నాను. ఒక్కటీ రాలేదు.

"ఏ బట్టయితేంది," అన్నాను. "నేను గా గొట్టంల చూడాలె."

"ఏ గొట్టం?" అంది అవ్వ.

"సైన్సు గదిల ఉన్నది. ఎనిమిదోళ్లకే చూపిస్తరు. నాయిన తెచ్చే బొగ్గు దాంట్ల పెట్టి చూడాలె. నేను బడికి పోతనవ్వా. లంగ ఏసుకొమ్మంటే ఏసుకుంట, ముసుగేసుకొమ్మంటే ముసుగేసుకుంట. బడి మాత్రం మాన."

అవ్వ ఒళ్లో ఉన్న స్కర్టు పక్కన పెట్టి హెడ్‌సిస్టర్‌తో బేరం మొదలుపెట్టింది. "మడిమెల దాక లంగ, పైన ఓణి. గట్లయితే పంపుత. లేకుంటే లేదు."

"నేనొక్కదాన్నే మార్చలేను. మా బడులన్నిటికీ ఒకటే యూనిఫారం. మా పెద్ద సిస్టర్‌ను అడగాలి. ఆమె మాట మేము దాటకూడదు."

అవ్వ ముఖం వికసించింది. "నీకు గూడ అత్త ఉన్నదన్నట్టు."

హెడ్‌సిస్టర్ ఆలోచించి, "ఉంది" అని ఒప్పుకుంది.

"అడుగు బిడ్డా. భయపడకు. నేను గూడ కోడలిగ ఉన్నదాన్నే, నాకెరుక. మంచిగ కడుపునిండ తిన్నంక అడుగు."

గుమ్మంలో అమ్మ నవ్వాపుకోలేక పైట కొంగు నోట్లో కుక్కుకుంది.

హెడ్‌సిస్టర్ ఏటా వేసవిలో ప్రార్థనల కోసం తమ పెద్ద మఠానికి పోయేది. ఆ ఏడు కూడా రామగుండంలో రైలెక్కింది. ఇక్కడ నాకు ఎండ కూడా తెలియలేదు, రోజూ ఒకటే ఎదురుచూపు. నల్లా దగ్గర పక్కింటి అక్కకు జరిగిందంతా చెప్పాను. ఆమె బిందె నిండి పొంగి కాళ్లమీద పోతున్నా చూసుకోలేదు.

"నిజంగ అడుగుతనన్నదా?" అంది.

"అన్నది."

"ఒక్క నీకేనా, అందరికా?"

ఆ సంగతి నాకు తెలియదు. నా గొడవలో పడి ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. ఆమె బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత రోజూ నాకంటే ముందు ఆమే అడిగేది, వచ్చిందా అని.

బడులు తెరిచే ముందు హెడ్‌సిస్టర్ వచ్చింది. చంకలో ఒక గుడ్డల మూట. మంచం మీద కూర్చోకుండానే మూట విప్పి అవ్వ ముందు పెట్టింది. నీలం లంగా గుడ్డ, తెల్ల జాకెట్టు గుడ్డ, తెల్ల ఓణీ.

"అత్త ఒప్పుకుంది," అంది.

అవ్వ గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసింది, వెలుతురుకు పట్టి చూసింది. "గుడ్డ మంచిదే," అంది. ఆమె నోట అంతకంటే పెద్ద మెప్పు ఉండదు. "ఏమన్నది మీ అత్త?"

"ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు అని అడిగింది. మాకు తెలియదు అన్నాను. పిల్లలు తిరిగి రావాలని ప్రతి శుక్రవారం ప్రార్థన చేశాము గాని, ఎందుకు రావడం లేదని ఇంటికి పోయి అడగలేదు. మేమే కారణాలు చెప్పి మేమే జవాబులు చెప్పుకున్నాము." ఆమె ఆ మాట తల దించుకోకుండా, సూటిగా చెప్పింది. ఆమె మీద నాకు ఎప్పటినుంచో భయం ఉండేది. గౌరవం అన్నది ఆ రోజు కలిగింది, ఇప్పటికీ ఉంది.

"ఒక్క నాకేనా, అందరికా?" అని అడిగాను నేను.

"ఎనిమిది నుంచి పైన అందరికీ. మానేసినవాళ్లు తిరిగి వస్తామన్నా సరే."

నేను ఇంకేమీ వినలేదు. పక్క క్వార్టర్‌కు పరుగెత్తాను.

మైక్రోస్కోపు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మీరు అడుగుతారు. ఆ ఏడు అందులో బొగ్గు పెట్టి చూశాను. నల్లగా ఉంది. ఎంత తిప్పినా నల్లగానే ఉంది. అంత గొడవ చేసి సాధించిన చదువులో మొదటి పాఠం అది. సిస్టర్ చూస్తుండగా దిగాలుగా నిలబడలేక, ఓణీ అంచు నుంచి ఒక దారప్పోగు లాగి పెట్టాను. అది మాత్రం పేనిన మోకులా, ఎంతో అందంగా కనిపించింది. ఇంటికి వచ్చి అవ్వకు చెప్తే, ఓణీ దారం లాగినందుకు తిట్టింది.

బడి తెరిచిన రోజు పొద్దున మా వరసలో ఎప్పటిలాగే పొయ్యిలు పొగలు కక్కుతున్నాయి. అవ్వ నన్ను వాకిట్లో నిలబెట్టి ఓణీ కుచ్చిళ్లు సరిచేస్తోంది. పళ్ల మధ్య పిన్నీసు, చేతుల్లో నా భుజం. పిన్నీసు పెట్టి, రెండడుగులు వెనక్కి పోయి చూసింది. నవ్వలేదు గాని ముఖంలో తృప్తి ఉంది. నా కాలరు లేని మెడ వంక చూసి, "గియ్యాల సిస్టరమ్మ ఏం జూస్తదో" అంది.

అప్పుడే పక్కింటి అక్క వచ్చింది. నీలం లంగా, తెల్ల ఓణీ, చేతిలో పాత సంచీ. నాకంటే జానెడు పొడుగు. తరగతిలో ఇప్పుడు నా పక్కనే కూర్చోవాలి. సిగ్గుపడుతూ అవ్వ ముందు నిలబడింది.

"అవ్వా, నాక్కూడ పెట్టవా? మా అమ్మకు పిన్నీసు పెట్టరాదు."

అవ్వ ఆమె ఓణీ చేతిలోకి తీసుకుంది. కుచ్చిళ్లు ఒక్కొక్కటే పెడుతూ పెడుతూ మధ్యలో ఆగింది. ఎదిగిన ఆ పిల్లను పైనుంచి కిందిదాకా చూసింది. మా వరసలో ఎవరికీ ఎన్నడూ తగ్గి మాట్లాడని మనిషి, ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

"మూరెడు గుడ్డ కోసం నీకు రెండేండ్లు పోగొట్టిన బిడ్డా," అంది.

అక్క అవ్వ చేతిలోంచి జారిపోతున్న కుచ్చిళ్లను తానే పట్టుకుని, భుజం ముందుకు వంచింది.

"పిన్నీసు గట్టిగ పెట్టవ్వా," అంది. "జల్ది. బడి గంట కొడుతరు."